అట్టు కదిలిందా? తిత్తి కదిలిందా?

మొన్న సాయంత్రం మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. బీఎస్సీ రెండో ఏడు, హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చింది. "తాతయ్యా, నువ్వు ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం రెండు నిమిషాల్లో చూపిస్తా చూడు" అంది. చూశాను. నీలాకాశం లాంటి ఖాళీలో ఒక తాడు కట్టి ఉంది. ఆ తాడు మీద రెండు కాళ్ల బొమ్మ ఒకటి, తనకంటే ఎన్నో రెట్లు పెద్ద మూటను నెత్తికెత్తుకుని టకటకా నడిచిపోతోంది. వెనకాల సంగీతం. మూట పోయి గోడకి తగిలింది, గోడలో కలిసిపోయింది, సరుకు బయటపడింది. అయిపోయింది. "అర్థమైందా?" అని నన్నే అడిగింది.

అర్థం కావడానికి అందులో ఏముంది నాయనా? కణంలో అంత ఖాళీ ఎక్కడ ఏడ్చింది? పుష్కరాల రేవులో జనంలాగా ప్రోటీన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. బొమ్మ గీసినవాడు కంటికి ఇంపుగా ఉంటుందని ఆ జనాన్నంతా తీసేశాడు. పోనీ అది వదిలేద్దాం. ఆ మూట ఆ గోడ దగ్గరే ఎందుకు ఆగింది, పక్క గోడ దగ్గర ఎందుకు ఆగలేదు? లోపల ఉన్నది పంపాల్సిన సరుకేనని ఎవరు చూశారు? సరుకు దిగాక మూట కట్టిన గుడ్డ ఏమైంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మహామహులకు యాభై ఏళ్లు పట్టింది. మీ తరానికి రెండు నిమిషాలు, అదీ పడుకుని చూస్తూ.

మా రోజుల్లో, కణంలో సరుకు పోయే దారిలో ఉండే గాల్జీ సంక్లిష్టాన్ని చూడ్డం కాదు, గీయడం ఉండేది. 1970లో నేను డిగ్రీలో చేరాను. మా జువాలజీ మాస్టారు రికార్డు పుస్తకంలో పెన్సిలుతో గీయించేవారు. పెనం మీంచి తీసి ఒకదాని మీద ఒకటి పేర్చిన అట్లలాగా ఐదారు వంకర గీతలు, వాటి అంచులు కాస్త ఉబ్బి ఉండాలి, ఆ ఉబ్బిన అంచుల పక్కన చిన్న చిన్న సున్నాలు. గీత వణికితే రబ్బరుతో చెరపనిచ్చేవారు కాదు, కాగితం మార్చాల్సిందే. ఒక్కో అట్టుకి ఊపిరి బిగబట్టి గీసేవాళ్లం. అలా గీసిన బొమ్మ చచ్చేదాకా చేతిలో ఉంటుంది. ఇప్పుడు అర్ధరాత్రి లేపి అడిగినా కళ్లు మూసుకుని గీస్తాను. నిన్ను అడిగితే ఫోను ఎక్కడుందని వెతుకుతావు.

ఆ మాస్టారే చెప్పారు, ఆ అట్ల వెనక ఎంత తగువు నడిచిందో. ఇటలీలో పావియా ఊళ్లో కామిల్లో గాల్జీ 1898లో గుడ్లగూబ మెదడులోని కణాలకు వెండి లవణం పట్టించి, లోపల నల్లటి వలలాంటిది చూశాడు. "అది కణంలో వస్తువు కాదు, నీ రంగు పేరుకున్న మడ్డి" అన్నారు చాలామంది. యాభై ఏళ్లకు పైగా, ఉందా లేదా అన్న దగ్గరే ఆగిపోయింది కథ. 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక గానీ ఆ తగువు తీరలేదు. గాల్జీ అప్పటికి పోయి పాతికేళ్లు దాటింది. ఒక వస్తువు ఉందని ఒప్పుకోవడానికి అంత కాలం ఆగిన మనుషులు వాళ్లు. తొందరపడి ఉంటే అది ఎప్పుడో మడ్డి కిందే కొట్టుకుపోయేది.

పేర్లు కూడా అప్పుడు పేర్లలాగా ఉండేవి. అంతర్జీవ ద్రవ్యజాలం. నోరారా అనడానికి ఎంత బాగుంటుంది! జీవద్రవ్యం లోపల పరుచుకున్న వల అని పేరులోనే పాఠమంతా ఉంది. మా మనవరాలు దాన్ని ఈఆర్ అంటుంది. ఏదో రైల్వే జోను పేరులాగా.

సరే, నేను లాకు పక్కన పుట్టినవాణ్ని. గోదావరి డెల్టాలో కాలవల మీద పడవలు నడిచిన రోజులవి. మా అమ్మమ్మగారి ఊరికి పడవ మీదే వెళ్లేవాళ్లం, రాత్రంతా ప్రయాణం. పై కాలవకీ కింది కాలవకీ నీటి మట్టం తేడా ఉంటుంది కాబట్టి మధ్యలో లాకు. పడవ లోపలికి వచ్చాక లస్కరు వెనక తలుపులు మూసేవాడు. నీళ్లు మెల్లగా దిగేవి, పడవ మెల్లగా దిగేది, ఆ తర్వాతే ముందు తలుపులు. రెండు తలుపులూ ఒకేసారి తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. తెరిస్తే పై కాలవ నీళ్లన్నీ కింది కాలవలో పడి ఊళ్లు మునిగేవి. నేను లాకు గట్టు మీద కూర్చుని గంటలకొద్దీ అదే చూసేవాణ్ని. ఇప్పుడు ఆ తలుపులు తుప్పు పట్టాయి. అందరూ కార్లలో రయ్యిమని పోతారు, లాకు పక్కనే రోడ్డు, ఒక్కడూ తల తిప్పి చూడడు.

తరవాత కణశాస్త్రం చదువుతుంటే ఆ లాకే గుర్తొచ్చింది. కణంలో ఒక్కో అరకి ఒక్కో మట్టం. ద్రవ్యజాలంలో కాల్షియం ఎక్కువ. గాల్జీలో ముందుకు పోయే కొద్దీ ఆమ్లం పెరుగుతుంది. లైసోసోములకు చేరేసరికి తిన్నదాన్ని అరిగించేంత పులుపు. ఈ అరల మధ్య తలుపు తెరిచి సరుకు అందించుకుంటే మొత్తం కలగాపులగమై కణం చస్తుంది. అందుకని ఇవ్వాల్సిన అర తన గోడలోంచే చిన్న ముక్కను తిత్తిలాగా ఉబ్బించి, సరుకు అందులో పెట్టి తెంపేస్తుంది. పుచ్చుకునే అర ఆ తిత్తిని తన గోడలో కలిపేసుకుంటుంది. ఈ మొత్తంలో ఎక్కడా గోడకు చిల్లు పడదు. ఇది నిజంగా కూర్చుని తలుచుకోవాల్సిన సంగతి నాయనా, మూట మోసే బొమ్మ కాళ్లు చూసి చప్పట్లు కొట్టే సంగతి కాదు.

సరుకు ఈ దారినే పోతుందని ఎలా తెలిసింది? జార్జ్ పలాడే అని రొమేనియాలో పుట్టి అమెరికాలో స్థిరపడినాయన, జేమ్స్ జేమీసన్ అనే సహచరుడితో కలిసి 1967లో అచ్చువేసిన పని అది. నేను విశాఖలో ఎమ్మెస్సీ చదువుతుండగా 1974లో పలాడేకి నోబెల్ వచ్చింది. పరిశోధన పత్రికలు ఓడ మీద నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చేవి. వచ్చినదాన్ని మా ప్రొఫెసరుగారు క్లాసులో పంక్తి పంక్తీ చదివి వినిపించేవారు.

ఆ పని కాలవ భాషలో చెబుతాను విను. పారే కాలవలో మూడు నిమిషాల పాటు పసుపు కలిపి వదిలావు, తర్వాత మళ్లీ మామూలు నీళ్లే. ఆ పసుపు నీటి చాలు ఏ లాకు ఎప్పుడు దాటుతోందో గట్టు మీద నిలబడి చూస్తే కాలవ దారి తెలిసిపోతుంది. వాళ్లు గినీపిగ్ క్లోమం ముక్కలకు రేడియోధార్మికత ఉన్న ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని 3 నిమిషాలు పట్టించారు, తర్వాత మామూలు ల్యూసిన్. కొంతసేపటికొకసారి ఒక్కో ముక్కను తీసి స్థిరీకరించారు. 3 నిమిషాలప్పుడు సరుకంతా ద్రవ్యజాలంలో. మరో 7 నిమిషాలకు గాల్జీ అంచున. 37 నిమిషాలకు సరుకు చిక్కబడే సంచుల్లో. 117 నిమిషాలకు బయటికి పోవడానికి సిద్ధంగా ఉన్న గుళికల్లో. చెప్పడానికి నాలుగు అంకెలే. కానీ ఆ ముక్కల్ని వెంట్రుకలో వెయ్యో వంతు మందాన కోసి, వాటి మీద ఫొటో ఫిల్ముకి పూసే లేపనం పట్టించి, చీకటి పెట్టెలో పెట్టి వారాల తరబడి ఆగాలి. ఆ తర్వాత కడిగితే నల్లటి వెండి చుక్కలు కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. రెండు గంటల కణం కథను చదవడానికి నెలలకు నెలలు చీకట్లో కాపలా. ఫోనులో చుక్క గిరగిరా తిరుగుతూ రెండు క్షణాలు ఆగితే విసిరికొట్టేవాడివి, నీకు ఇది చెప్పి ఏం లాభం గానీ, చెప్పక ఉండలేను.

ఆ ఇద్దరే మరుసటి ఏడు ఇంకో సంగతి తేల్చారు. కణానికి శ్వాస ఆపేస్తే, అంటే శక్తి అందకుండా చేస్తే, సరుకు ద్రవ్యజాలంలోనే ఆగిపోతుంది. దాని పాటికి అది నీళ్లలో కొట్టుకుపోయే రకం కాదు, ప్రతి లాకు దగ్గరా సుంకం కట్టాలి. ఆ సుంకం ఏటీపీ. ఇక్కడ మాత్రం నేను కాస్త ఛాతీ విరుచుకుంటాను. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో ఒకడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డులో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ పట్టుకున్నాడు, అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు. దానికి ముందే 1925లో భాస్వరం కొలిచే పద్ధతి ఒకటి ఫిస్క్, సుబ్బారావుల పేరు మీద వచ్చింది. మా ప్రాక్టికల్సులో అదే చేసేవాళ్లం. పరీక్ష నాళికల వరస, ఒక్కోదాంట్లో మాలిబ్డేటు, దాని తర్వాత ఇంకో మందు. మెల్లగా నీలం తిరిగేది. మొదట అసలు తిరిగిందా లేదా అన్నట్టు, తర్వాత ఉతికిన చొక్కాకి పెట్టిన నీలిమందులాగా, ఆఖరి నాళికలో చిక్కటి శంఖుపువ్వు రంగు. కిటికీ వెలుతురుకి పట్టుకుని ఏది ఎంత చిక్కనో ముందు కంటితోనే అంచనా వేయమనేవారు మాస్టారు, ఆ తర్వాతే యంత్రం. ఇప్పుడు పెట్టెలో పోస్తే అంకె వస్తుంది. రంగు చూడని పిల్లలు భాస్వరం కొలుస్తున్నారు!

తర్వాత పని తాటి కల్లు కుండలో బతికే జీవి మీద జరిగింది. ఈస్టు. అదే రొట్టెను పొంగిస్తుంది, మన కల్లును పులియబెడుతుంది. కాలిఫోర్నియాలో బర్కిలీలో రాండీ షెక్మన్ అనే కుర్ర ఆచార్యుడు, ఆయన విద్యార్థి పీటర్ నోవిక్, ఈస్టులో సరుకు రవాణా చెడిపోయిన రకాలను వెతికారు. డబ్బు కోసం పెట్టుకున్న మొదటి దరఖాస్తు తిరగ్గొట్టారట. అయినా వెతికారు. చల్లగా ఉంటే మామూలుగా బతికి, 37 డిగ్రీలకు వేడెక్కిస్తే రవాణా ఆగిపోయే రకం ఒకటి 1979లో దొరికింది. సూక్ష్మదర్శినిలో చూస్తే కణం నిండా తిత్తులే, లాకు మూసేసిన రోజు కాలవలో నిలిచిపోయిన పడవల్లాగా. అప్పుడు వాళ్లకు ఒక ఉపాయం తట్టింది. బయటికి పోవాల్సింది లోపలే పేరుకుంటే కణం బరువెక్కాలి కదా? చిక్కటి ద్రావణంలో వేసి తిప్పితే అలాంటివి కిందికి దిగాయి. వడ్లను నీళ్లలో పోసి గట్టిగింజల్ని అడుగున పట్టినట్టు. 1980 నాటికి 23 జన్యువులు తేలాయి, ఒక్కోటి ఒక్కో లాకుకి లస్కరు.

జేమ్స్ రాత్‌మన్ ఇంకో దారిన వచ్చాడు. కణాన్ని పగలగొట్టి, ఆ గుజ్జులోనే గాల్జీ ఒక అరలోంచి ఇంకో అరకి సరుకు పంపేలా గాజు నాళికలో చేసి చూపించాడు. ఆ గుజ్జులోంచి 1988లో ఒక ప్రోటీన్‌ని శుద్ధిచేశారు. తీరా చూస్తే అది ఈస్టు జన్యువుల్లో పద్దెనిమిదోది తయారుచేసే ప్రోటీనుకు సొంత అన్న! రాత్‌మన్ వాడింది చిట్టెలుక జాతి కణాలు, షెక్మన్‌ది కల్లు కుండ జీవి. వందకోట్ల ఏళ్లకు పైగా వేరుపడిన రెండు వంశాల్లో అదే తాళం, అదే చెవి. ఈ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు క్లాసులో నా గొంతు బొంగురుపోయేది, ఇప్పటికీ పోతుంది.

1993లో రాత్‌మన్ బృందం తేల్చింది, తిత్తికి ఒక ప్రోటీన్ కొస, అది చేరాల్సిన గోడకు ఇంకో కొస ఉంటాయని. రెండూ కుదిరితే జడ పాయల్లాగా పెనవేసుకుని తిత్తిని గోడ దగ్గరికి లాగి కలిపేస్తాయి. కలిసిన పాయల్ని మళ్లీ విడదీయడానికే ఆ పద్దెనిమిదోది ఏటీపీ ఖర్చు పెడుతుంది. నరాల కొసల్లో కాల్షియం వచ్చి తట్టేదాకా తిత్తులు గోడ దగ్గరే ఎలా కాచుకుని ఉంటాయో థామస్ సుధోఫ్ తేల్చాడు. ముగ్గురికీ కలిపి 2013లో నోబెల్ ఇచ్చారు. ఆ ప్రోటీన్లకు పెట్టిన పేర్లు మాత్రం నాకు నచ్చలేదు. స్నేర్, స్నాప్, కాప్, రాబ్. పిల్లాడు అన్నం మెతుకులు ఉమ్మేసినట్టుంటాయి. రాబ్‌లే మనిషిలో అరవైకి పైగా ఉన్నాయి. ఏ తిత్తి ఏ రేవుకో చెప్పే చీటీలు అవి. అంత గొప్ప పనిచేసేవాటికి చక్కటి పేర్లు పెట్టడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఒకటుంది. కణానికి తొందర లేదు. ద్రవ్యజాలంలో పుట్టిన ప్రోటీన్ సరిగ్గా మడత పడేదాకా దాన్ని గడప దాటనివ్వరు. దాని ఒంటికి తగిలించిన చక్కెర గొలుసు కొసనున్న గ్లూకోజును కోస్తారు. మడత చూస్తారు. కుదరకపోతే మళ్లీ ఒక గ్లూకోజు తగిలించి "పో, ఇంకోసారి ప్రయత్నించు" అంటారు. ఎన్నిసార్లకీ కుదరకపోతే బయటికి లాగి ముక్కలు చేస్తారు. మా నాన్నమ్మ ఆవకాయ జాడీ మూడో రోజు తిరగ కలిపి నాలిక మీద వేసుకుని చూడందే ఎవరికీ పెట్టేది కాదు, చుట్టాలు గుమ్మంలో నిలబడ్డా సరే. అలాంటి పట్టింపు.

ఆ పట్టింపు కొన్నిసార్లు ప్రాణం తీస్తుందని కూడా ఒప్పుకోవాలి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బులో, ఎక్కువమందిలో ఉన్న లోపం ఒక్క అమైనో ఆమ్లం తప్పిపోవడమే. ఆ ప్రోటీన్ గోడకు చేరితే కొంతైనా పనిచేసేదే. కానీ మడత కుదరలేదని కణం దాన్ని ద్రవ్యజాలంలోనే ఆపి నాశనం చేస్తుంది. ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుని పిల్లలు నలిగిపోతారు. మడతను సరిచేసి గడప దాటించే మందులు ఇప్పుడు వచ్చాయి, 2019లో వచ్చిన మూడు మందుల కలయిక వాళ్లలో చాలామందికి ఊపిరి పోసింది. అవి మా రోజుల్లో లేవు.

తిరుగు పడవల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. ఎంత కాపలా ఉన్నా, ద్రవ్యజాలంలో ఉండిపోవాల్సిన పనివాళ్లు కొందరు సరుకుతోపాటు పొరపాటున పడవెక్కేస్తారు. వాళ్ల తోక చివర నాలుగు అమైనో ఆమ్లాల గుర్తు ఉంటుంది. ఇంగ్లండులో మన్రో, పెల్హామ్ అనేవాళ్లు 1987లో దాన్ని పట్టుకున్నారు. గాల్జీలో ఉండే గ్రాహకం ఆ గుర్తును చూసి పట్టుకుని తిరుగు తిత్తిలో వెనక్కి పంపుతుంది. గాల్జీలో పులుపు కాస్త ఎక్కువ కాబట్టి పట్టు బిగుస్తుంది, ద్రవ్యజాలంలో పులుపు తక్కువ కాబట్టి వదులుతుంది. పట్టమని, వదలమని ఎవరూ చెప్పక్కర్లేదు, నీటి మట్టమే చెబుతుంది. మా లాకు లస్కరు కూడా తలుపు మీద చెయ్యి పెట్టి చూసేవాడు. రెండు వైపులా మట్టం సమానమైతే తలుపు దానంతట అదే తేలికయ్యేది.

ఇంతసేపూ మా రోజులు, మా రోజులు అన్నాను. మా రోజుల్లో జరిగింది ఇంకొకటి ఉంది.

1958లో మా చెల్లెలు పుట్టింది. నాకు ఆరేళ్లు. ఇంట్లోనే పురుడు, మంత్రసాని కొడవలితో బొడ్డు కోసింది. ఆరో రోజున పాప పాలు తాగడం మానేసింది. నోరు బిగుసుకుపోయింది. అమ్మ వేలితో తెరవబోతే ఇంకా బిగుసుకునేది. ఎవరైనా తలుపు చప్పుడు చేస్తే ఒళ్లంతా విల్లులా వంగేది. పెద్దవాళ్లు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు, గదిలో దీపం తగ్గించారు. తొమ్మిదో రోజున పోయింది. పేరు కూడా పెట్టలేదు.

ధనుర్వాతం అని తర్వాత తెలిసింది. కానీ ఎలాగన్నది నాకు నలభై ఏళ్లు వచ్చాక గానీ తెలియలేదు. 1992లో ఇటలీలోని పాదువా నుంచి మోంటెకుక్కో బృందం ఒక పరిశోధన అచ్చువేసింది. ధనుర్వాతం విషం కండకు వచ్చే నరం కొసలో తిత్తిలోకి ఎక్కుతుంది, మన రవాణా దారినే పట్టుకుని వెన్నుపాము దాకా ఎదురు ప్రయాణం చేస్తుంది. అక్కడ, కండలను "ఇక చాలు, వదులు" అని ఆపే నరాల్లోకి దూరుతుంది. దూరి, ఆ తిత్తుల మీదుండే కొసను, నేను పైన చెప్పిన ఆ జడ పాయను, ఒకే ఒక్క చోట కోస్తుంది. కోశాక తిత్తి గోడ పక్కనే ఉంటుంది గానీ కలవలేదు. లోపలున్న సందేశం బయటికి రాదు. వదులు అని చెప్పేవాడు లేక కండ బిగుసుకుంటూనే ఉంటుంది. కాలేజీ లైబ్రరీలో ఆ పేజీ చదివి చాలాసేపు లేవలేకపోయాను. తలుపు చప్పుడుకి విల్లులా వంగిన ఆ చిన్న ఒళ్లు కళ్ల ముందే ఉంది.

మా మనవరాలు కడుపులో ఉన్నప్పుడు మా కోడలికి రెండు సూదులు వేశారు. ఆసుపత్రిలో శుభ్రమైన కత్తెరతో బొడ్డు కోశారు. 2015లో, మన దేశంలో తల్లులనూ పసికందులనూ ధనుర్వాతం పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈ ఒక్క విషయంలో నేను మా రోజుల తరఫున నోరెత్తను.

ఇక అట్ల సంగతి తేల్చి వదిలేస్తాను. మా మాస్టారు 1970లో గీయించినప్పుడు బాణం గుర్తు అట్ల పక్కన పెట్టించారు. కింద కొత్త అట్టు పుడుతుంది, మెల్లగా పైకి జరుగుతుంది, జరుగుతూ తన లక్షణం మార్చుకుంటుంది, పైకొచ్చాక తిత్తులుగా విడిపోతుంది అని. నేనూ అదే చెప్పేవాణ్ని. 1980లలో గాలి మారింది. అట్లు కదలవు, అవి పాతుకుపోయిన రేవులు, సరుకును తిత్తులే ఒక అట్టులోంచి ఇంకో అట్టుకి మోస్తాయి అన్నారు. మనసొప్పకపోయినా నోట్సు మార్చాను, పదిహేనేళ్లకు పైగా పిల్లలకు అదే చెప్పాను. ఆ తర్వాత 2006లో షికాగోలో ఒక బృందం, జపానులో ఇంకో బృందం మళ్లీ అదే ఈస్టును తీసుకున్నాయి. ఆ ఈస్టులో అట్లు పేర్చి ఉండవు, విడివిడిగా తిరుగుతుంటాయి. తొలి దశ ప్రోటీనుకు ఆకుపచ్చ, చివరి దశ దానికి ఎరుపు మెరిసేలా చేసి బతికున్న కణాన్ని చూశారు. ఒక అట్టు ఆకుపచ్చగా ఉన్నది కొన్ని నిమిషాల్లో కళ్లముందే ఎర్రబడింది. సరుకును పక్క అట్టుకి ఇవ్వలేదు, తనే మారింది. రిటైరవడానికి నాలుగేళ్ల ముందు బోర్డు మీద బాణాన్ని మళ్లీ మా మాస్టారు పెట్టించిన చోటే పెట్టాను. ఆయన అప్పటికి లేరు.

ఇది మనవరాలికి చెబితే ఫోనులో ఏదో వెతికి, "ఇదేనా తాతయ్యా?" అంది. అదే. నల్లటి తెర మీద పచ్చటి చుక్కలు, ఎర్రటి చుక్కలు. ఇందులో సంగీతం లేదు, కాళ్ల బొమ్మ లేదు. ఒక పచ్చటి చుక్క కాస్త వెలవెలబోయింది, పసుపు తిరిగింది, ఎర్రబడింది. నాకు అది అచ్చులోనే తెలుసు, కదులుతుంటే ఎన్నడూ చూడలేదు. ఇంకోసారి వెయ్యమన్నాను. మళ్లీ వెయ్యమన్నాను. చీకటి పడి దోమలు కుడుతున్నా ఇద్దరం అరుగు మీదే ఉన్నాం.

లోపలికి వెళ్లి పెన్సిలు, తెల్లకాగితం తెచ్చి ఇచ్చాను. ఫోను పక్కన పెట్టించాను. మొదటి అట్టు వంకర పోయింది, కాగితం మార్పించాను. రెండోది పోయింది, మళ్లీ మార్పించాను. మూడో కాగితం మీద ఐదు అట్లు కుదిరాయి, అంచులు ఉబ్బి, పక్కన సున్నాలు.

"బాణం ఎటు పెట్టమంటావు తాతయ్యా?"

"అట్టుకి పైకి పెట్టు. తిత్తికి కిందికి పెట్టు. పాత అట్టు ఎంజైములు కొత్త అట్టుకి వెనక్కి పోవాలి కదా."

పెట్టింది. రెండో బాణం కాస్త వణికింది. ఈసారికి ఊరుకున్నాను.